పాత సమాధుల స్థలానికి డిజిటల్ పటం: డ్రోనా, ఫోనా, రోవరా, లైడారా?

బందరు, భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు ఉన్నాయి. సికింద్రాబాదు చుట్టుపక్కల కంటోన్మెంటు కాలపు శ్మశానవాటికలు ఉన్నాయి. పాలమూరు నుంచి గోదావరి ఒడ్డు దాకా ఊళ్ల పొలిమేరల్లో ఇనుపయుగపు సమాధులు ఉన్నాయి, వాటినే జనం రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటారు. క్వారీ కిందో, వెంచరు కిందో, చదును చేసిన చేను కిందో ఇవి ఒక్కొక్కటిగా పోతున్నాయి. పోయేలోపు పటం మీదకు ఎక్కించాలని తపించే టీచర్లు, విద్యార్థులు, ఊరి చరిత్ర బృందాలు ఈమధ్య పెరిగాయి. చాలామంది ఒకేచోట ఆగిపోతున్నారు. ఏ పరికరంతో మొదలుపెట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరికరం చివర తేల్చుకోవాల్సిన విషయం. మీ స్థలంలో అన్నిటికంటే ముందు ఏది చెరిగిపోతోందో మొదట చూడాలి. రాతి మీద అక్షరాలు పోతున్నాయా, సమాధుల వరసే పోతోందా, మొత్తం స్థలమే పోతోందా? ఈ మూడింటికీ పద్ధతులు వేరు. పెద్ద డ్రోన్ తెచ్చి పైనుంచి అందమైన చిత్రం తీసి, ఒక్క సమాధి శాసనం కూడా చదవకుండా వెనక్కి వస్తే చరిత్రకు దక్కేది చాలా తక్కువ.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న ఏమిటి? ఎవరు, ఎప్పుడు, ఏ వయసులో చనిపోయారన్నది కావాలంటే శాసనాల ఫొటోలే ప్రాణం. ఏ కుటుంబం ఎవరి పక్కన, ఏ వరస ముందు ఏ వరస తర్వాత అన్నది కావాలంటే కొలతలు కావాలి. రాయి లేని సమాధులు నేల కింద ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. సమాధులకూ చెరువుకూ గుట్టకూ పాత దారికీ సంబంధం ఏమిటన్నది ఇంకో ప్రశ్న.

ఎంత కచ్చితత్వం? మామూలు ఫోన్‌లోని జీపీఎస్ ఆకాశం బాగా కనబడేచోట కూడా సుమారు 5 మీటర్ల తేడా చూపిస్తుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా ఎక్కువ. పాత శ్మశానవాటికలో రెండు సమాధుల మధ్య ఎడం మీటరు, రెండు మీటర్లే ఉంటుంది. అంటే ఫోన్ చూపించే చుక్క మీ సమాధిది కావచ్చు, దాని పక్కదీ కావచ్చు. అదే రాకాసి గుళ్ల విషయంలో, ఒక్కో రాళ్ల వలయమే చాలా మీటర్ల వెడల్పు ఉండి, దూరదూరంగా ఉన్నప్పుడు, మొదటి విడత జాబితాకు ఫోన్ సరిపోతుంది.

నెత్తిన ఏముంది, కాళ్ల కింద ఏముంది? చెట్ల గుబురు ఉంటే డ్రోన్ కెమెరాకు సమాధి కనబడదు, ఉపగ్రహాల సాయంతో స్థానం కచ్చితంగా కొలిచే రోవర్‌కు ఆ సంకేతం సరిగా అందదు. నేల నల్లరేగడో ఉప్పునేలో అయితే, నేల కింద ఉన్నదాన్ని రేడియో తరంగాలతో వెతికే రాడార్ పని చేయదు.

అనుమతి ఎవరిది? స్థలం కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ పరిధిలో ఉందా, రాష్ట్ర వారసత్వ శాఖ కింద ఉందా, చర్చి కమిటీదా, వక్ఫ్‌దా, రైతు పట్టా భూమా? ఇది తేలకుండా దిగితే పని మధ్యలో ఆగుతుంది. ఇప్పటికీ పూడ్చిపెడుతున్న శ్మశానమైతే కాగితం మీద అనుమతి ఒక్కటే చాలదు. అక్కడి కుటుంబాల పెద్దలతో కూర్చుని మాట్లాడాలి.

పదేళ్ల తర్వాత ఆ ఫైలు తెరుచుకుంటుందా? దీని గురించి చివర్లో విడిగా చెబుతాను.

| పద్ధతి | స్థానం తేడా | చెట్ల కింద | ఖర్చు | దేనికి మేలు |
|---|---|---|---|---|
| ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ | కొన్ని మీటర్లు | అంతంతమాత్రం | దాదాపు లేదు | జాబితా, పాత–కొత్త పోలిక |
| టేపు, చిత్తు పటం | జాగ్రత్తగా చేస్తే 10–20 సెం.మీ. | బాగుంటుంది | చాలా తక్కువ | చిన్న శ్మశానవాటిక |
| టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే సర్వే పరికరం) | సెంటీమీటరు లోపు | బాగుంటుంది | మధ్యస్థం (అద్దె) | కచ్చితమైన వరసలు, గోడలు |
| ఆర్టీకే రోవర్ (బేస్ స్టేషన్ సాయంతో) | 1–2 సెం.మీ. | కష్టం | మధ్యస్థం (అద్దె) | బయలు ప్రదేశం, కొలత బిందువులు |
| డ్రోన్ ఫొటోలు | నేల మీద కొలిచిన గుర్తులు పెడితే కొన్ని సెం.మీ. | పనికిరాదు | మధ్యస్థం | రాళ్ల వలయాలు, మొత్తం స్థలం |
| లైడార్ (లేజర్ కొలత) | పరికరాన్ని బట్టి | బాగుంటుంది | ఎక్కువ | పొదల్లో ఉన్న పెద్ద స్థలం |
| నేల రాడార్ | నడిచే గీతల ఎడాన్ని బట్టి | నడవగలిగితే చాలు | ఎక్కువ | రాయి లేని సమాధులు |
| ఏటవాలు వెలుతురు ఫొటోలు | వర్తించదు | బాగుంటుంది | చాలా తక్కువ | అరిగిన శాసనాలు |

## ఇంట్లో కూర్చుని చేసేది: ఉపగ్రహ చిత్రాలు, పాత జాబితాలు

ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలు వెనక్కి జరిపి చూడొచ్చు. నిరుడు కనబడిన రాళ్ల గుంపు ఈ ఏడు లేకపోతే అక్కడే తెలిసిపోతుంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే పటాల వెబ్‌సైట్ భువన్ కూడా ఉచితమే. ఇంకా వెనక్కి వెళ్లాలంటే అమెరికా గూఢచారి ఉపగ్రహం కరోనా 1960–72 మధ్య తీసిన చిత్రాలున్నాయి. 1995లో వాటి మీద గోప్యత ఎత్తేశారు. మంచి చిత్రాల్లో 2 మీటర్ల వస్తువు దాకా తెలుస్తుంది. రాయి రాయిగా కనబడకపోయినా, ట్రాక్టర్లూ పొక్లెయిన్లూ రాకముందు గుట్ట, చెలక, బాట ఎలా ఉండేవో వాటిలో ఉంటుంది.

దీనికి పాత కాగితాలు జత చేయండి. అలెగ్జాండర్ రీ 1897లో మద్రాసు ప్రెసిడెన్సీలోని డచ్చి కట్టడాల సర్వేను కొలతల పటాలతో సహా ప్రచురించాడు. జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ఆ ప్రెసిడెన్సీ సమాధి శాసనాల జాబితా వేశాడు. భీమిలిలోనో బందరులోనో పని పెట్టుకునేవాళ్లు ఈ రెండింటితో పోల్చుకుంటే, అప్పుడు చదవగలిగిన ఏ పంక్తి ఇప్పుడు అరిగిపోయిందో, అప్పుడున్న ఏ రాయి ఇప్పుడు లేదో ముందే ఒక అంచనాకు రావచ్చు. తెలంగాణ వైపు అయితే గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబరు కొలతల చిత్తు పటం) తెచ్చుకోండి. సర్వే నంబరు తెలిస్తే అనుమతి ఎవరిని అడగాలో కూడా తేలిపోతుంది.

ఈ పద్ధతి లోపం తెలిసిందే. పైనుంచి చూసి సమాధి అనుకున్నది రైతు పోసిన రాళ్ల కుప్ప కావచ్చు. నేల మీదకు వెళ్లి చూడనిదే దేన్నీ జాబితాలో ఖాయం చేయొద్దు.

## టేపు, టోటల్ స్టేషన్, రోవర్

చిన్న శ్మశానవాటికకు, అందులోనూ చెట్లున్న దానికి, టేపును మించింది లేదని నా గట్టి నమ్మకం. పొడవాటి తాడుతో ఒక ఆధార రేఖ కట్టి, దాని నుంచి ప్రతి సమాధి నాలుగు మూలలకూ లంబంగా కొలిస్తే ఇద్దరు మనుషులు తలా ఒక చివర పట్టుకుని పని పూర్తి చేస్తారు. ఆధార రేఖ రెండు కొసలను మాత్రం రోవర్‌తో పట్టుకుంటే మొత్తం పటం ప్రపంచ అక్షాంశ రేఖాంశాలకు అతుక్కుంటుంది. ఖర్చుకూ ఫలితానికీ ఇంత మంచి జోడీ ఇంకోటి లేదు.

రోవర్ అన్న మాట ఇప్పుడు ఊరి సర్వేయర్లకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు, వాటికి సంకేతాలు పంపే బేస్ స్టేషన్లు వాడారు. అద్దెకిచ్చే ప్రైవేటు సర్వేయర్లు జిల్లా కేంద్రాల్లో దొరుకుతారు. బయలు ప్రదేశంలో రోవర్ చాలా వేగంగా పని చేస్తుంది. వేపచెట్టు కిందకు వెళ్లగానే మొండికేస్తుంది. అక్కడ టోటల్ స్టేషన్ కావాలి. దానికి ఉపగ్రహంతో పని లేదు, కంటికి ప్రిజం కనబడితే చాలు.

సమాధి ఏ దిక్కుకు ఉందో కూడా రాసుకోవాలి. క్రైస్తవ సమాధులు ఎక్కువగా తూర్పు–పడమరలుగా, మన దేశంలో ముస్లిం సమాధులు ఉత్తర–దక్షిణాలుగా ఉంటాయి. వరస తప్పి ఉన్న సమాధి ఏదైనా కనబడితే అక్కడ ఒక కథ ఉన్నట్టే. అయితే ఫోన్ దిక్సూచిని ఇనుప కటకటాల పక్కన నమ్మొద్దు. మూలల కొలతల నుంచి దిక్కు లెక్కగట్టడం మేలు.

## డ్రోన్ ఎప్పుడు?

రాళ్ల వలయాలు, నిలువురాళ్లు ఉన్న బయలు నేలకు డ్రోన్ నిజంగా వరం. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణా నది ఒడ్డున నిలువురాళ్ల క్షేత్రం ఉంది. 2025లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. మనిషి కంటే చాలా ఎత్తైన నిలువురాళ్లు, వాటి మధ్య వరసలు, రాళ్ల వలయాలు ఉన్న అలాంటి చోట నేల మీద నిలబడితే వరస అర్థం కాదు, పైనుంచి చూస్తే అర్థమవుతుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి.రావు ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో ఆ నిలువురాళ్లకూ సూర్యుడి గమనానికీ ఉన్న సంబంధం, ఒక రాతి మీద గుంటలతో చెక్కిన సప్తర్షి మండలం బయటికొచ్చాయి. ఇలాంటి ప్రశ్నలకు వరసల కోణం కచ్చితంగా కావాలి.

30 మీటర్ల ఎత్తులో ఎగిరే మామూలు చిన్న డ్రోన్ ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద సుమారు ఒక సెంటీమీటరు. ఫొటోలు ఒకదాని మీద ఒకటి 70–80 శాతం కమ్ముకునేలా తీయాలి. నేల మీద కనీసం ఐదారు చోట్ల గుర్తులు పరచి వాటిని రోవర్‌తో కొలవాలి. ఆ గుర్తులు లేకపోతే చిత్రం చూడ్డానికి బాగుంటుంది గానీ మీటర్ల మేర పక్కకు జరిగి ఉండొచ్చు. కోతలయ్యాక, గడ్డి ఎండిన వేసవిలో, పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు ఎగరేస్తే అడుగు ఎత్తు రాళ్ల గుట్ట కూడా నీడతో బయటపడుతుంది. ఫొటోలను పటంగా కుట్టడానికి ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ ఉచితం, మెటాషేప్‌కు డబ్బు కట్టాలి. చేతిలో మంచి కంప్యూటర్ ఉంటే ఉచితమైనదే చాలు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే 2 కిలోల లోపు మైక్రో డ్రోన్లకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఎక్కడ ఎగరేయొచ్చన్నది వేరే సంగతి. ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై పటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్రాంతాలు చూసుకోవాలి. భీమిలి తీరంలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉంది. అక్కడ డ్రోన్ ఆలోచన మొదటే పక్కన పెట్టి టేపు తీసుకోవడం తెలివైన పని. రక్షిత కట్టడం దగ్గరైతే ఆ శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి.

## లైడార్, నేల రాడార్

లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ ఆకుల సందుల్లోంచి నేలను పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో చర్చి ఆఫ్ ఇంగ్లండ్ తన సుమారు 19 వేల శ్మశానవాటికలను పటం చేసే పని తలపెట్టింది. వీపున తగిలించుకునే లేజర్ స్కానర్‌తో నడుచుకుంటూ పోవడం అక్కడి పద్ధతి. వేల సంఖ్యలో స్థలాలున్నప్పుడు ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఒక్క ఊరి శ్మశానవాటికకు గిట్టదు. 2020 నుంచి ఐఫోన్ ప్రో రకాల్లో చిన్న లైడార్ వస్తోంది. దాని చూపు 5 మీటర్ల దాకానే. ఒక్క సమాధి ఆకారాన్ని పట్టుకోవడానికి పనికొస్తుంది, మొత్తం స్థలానికి కాదు. గోదావరి లోయ అడవుల్లో రాతి పలకలతో కట్టిన గూడు సమాధుల లాంటి వాటికి విమానం నుంచో డ్రోన్ నుంచో చేసే లైడార్ మాత్రం చాలా విలువైనది. అది విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ శాఖలు తలపెట్టాల్సిన పని.

రాడార్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని మీద ఆశలు ఎక్కువ. అది ఎముకలను చూపించదు. తవ్వి పూడ్చిన గొయ్యి అంచులు, బండ పలకలు, ఖాళీ గూడు లాంటి తేడాలను చూపిస్తుంది. సమాధుల లోతుకు సాధారణంగా 400 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల యాంటెన్నా వాడతారు, పావు మీటరు నుంచి అర మీటరు ఎడంతో గీతలు గీసినట్టు నడుస్తారు. ఎండిన ఇసుక నేలలో, ఎర్ర దుబ్బలో బాగా పని చేస్తుంది. నల్లరేగడి ఆ సంకేతాన్ని మింగేస్తుంది. ఉప్పునీరు ఊరిన నేలలో దాదాపు ఏమీ రాదు. 1864 ఉప్పెనలో సముద్రం మీద పడి 30 వేల మంది దాకా పోయిన బందరులో, ఆనవాలు లేని సమాధుల ప్రశ్న ఎవరికైనా వస్తుంది. కానీ ఆ ఉప్పు బంకమట్టిలో రాడార్‌కు డబ్బు పెట్టమని నేను చెప్పను. అక్కడ పాత రికార్డులే దిక్కు. ఇనుప వస్తువులు పెట్టి పూడ్చిన రాకాసి గుళ్ల దగ్గర అయస్కాంత సర్వే కొంతవరకు ఆశ కలిగిస్తుంది. కరెంటు తీగలు, ఇనుప కంచె దగ్గరుంటే అదీ కష్టమే.

## అందరూ చేయాల్సిన ఒక పని: శాసనాలు

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇది వదలొద్దు. డచ్చి సమాధుల మీద రాత చాలాసార్లు "హియర్ లైట్ బెగ్రావెన్", అంటే ఇక్కడ పూడ్చారు, అని మొదలవుతుంది. ఆ తర్వాత పేరు, హోదా, పుట్టిన ఊరు, చనిపోయిన తేదీ, వయసు. పేరు అరిగినా వంశ చిహ్నం నుంచి పట్టుకోవచ్చు. తప్పులు దొర్లేది తేదీల్లో. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో తీసిన ఫొటోలో 1, 7 ఒకేలా కనబడతాయి. అదే రాయిని ఉదయం ఎనిమిది గంటల ఏటవాలు వెలుతురులో చూస్తే 7 అడ్డగీత లోపల సన్నని నీడ నిలుస్తుంది. పొద్దు పడని వైపు ఉన్న రాయికి అద్దంతో ఎండ మళ్లించండి, లేదా సందెవేళ టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి పట్టండి. కెమెరా కదలకుండా స్టాండు మీద పెట్టి, రాతి పక్కన ఒక మెరిసే నల్ల గోళీ ఉంచి, టార్చిని నాలుగు వైపుల నుంచీ మారుస్తూ నలభై యాభై ఫొటోలు తీస్తే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెలుతురును తెర మీదే ఎటు కావాలంటే అటు తిప్పి చదువుకోవచ్చు. 2001లో హెచ్‌పీ ప్రయోగశాలలో పుట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు శాసన పరిశోధకులు విరివిగా వాడుతున్నారు.

అక్షరాలు తేలడానికి సుద్దపొడి, పిండి, నూనె రాయడం మానండి. పెచ్చులూడుతున్న రాతి మీద కాగితం వేసి రుద్దడం కూడా వద్దు.

ప్రతి సమాధికీ ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు పలక మీద రాసి, కొలబద్దతో పాటు ఫొటోలో పడేలా పెట్టాలి. అదే నంబరు పటంలో, అదే పట్టికలో, అదే ఫొటో ఫైలు పేరులో ఉండాలి. శాసనాన్ని పంక్తి పంక్తిగా ఉన్నదున్నట్టు ఎక్కించి, మీ ఊహలు వేరే గడిలో రాయండి.

## మీరెవరు? మీకేది?

ఊరి చరిత్ర బృందం, బడి టీచరు: గూగుల్ ఎర్త్, టేపు, ఫోన్ కెమెరా. అంతకు మించి కొనొద్దు. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, దాని ఫోన్ రూపం క్యూఫీల్డ్‌లో నెట్ లేకపోయినా నేరుగా స్థలంలోనే వివరాలు నింపొచ్చు.

ఎం.ఏ., పీహెచ్‌డీ విద్యార్థి: ఒక స్థలాన్ని లోతుగా చేస్తుంటే రోవర్ అద్దెకు తీసుకుని, బయలైతే డ్రోన్ జత చేయండి. ఒక మండలం మొత్తం తిరుగుతుంటే డ్రోన్ మోసుకెళ్లడం తగ్గించుకుని, ఎక్కువ చోట్లకు ఫోన్‌తో వెళ్లడం మేలు. పది స్థలాల మధ్యస్థ సమాచారం ఒక స్థలం అద్భుతమైన త్రీడీ నమూనా కంటే మీ సిద్ధాంత గ్రంథానికి ఎక్కువ పనికొస్తుంది.

చర్చి కమిటీ, ముతవల్లీ (వక్ఫ్ ఆస్తి చూసుకునేవారు): మీకు కావాల్సింది రోజువారీ నిర్వహణకు పనికొచ్చే పటం. టోటల్ స్టేషన్‌తో ఒకసారి కొలిపించుకోండి. ఏటా కొత్త సమాధులు దానిలో చేరుస్తూ పోవచ్చు.

పూర్వీకులను వెతికే కుటుంబాలు: పటం కంటే శాసనం ముఖ్యం. దక్షిణాసియాలోని ఐరోపా వారి సమాధుల కోసం 1976లో పుట్టిన బ్రిటిష్ సంస్థ బాక్సా సేకరించిన రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ అడగండి.

రేపో మాపో పొక్లెయిన్ వచ్చే స్థలం: వాదించుకునే సమయం లేదు. అనుమతి ఉంటే డ్రోన్, లేకపోతే ఫోన్‌తో స్థలమంతా నడుస్తూ వీడియో, ప్రతి సమాధికి నాలుగు వైపుల ఫొటోలు. కచ్చితత్వం తర్వాత చూసుకోవచ్చు. పురావస్తు శాఖకు, కలెక్టరుకు అదే రోజు రాతపూర్వకంగా తెలపండి.

## ఫైళ్లు, అక్షాంశాలు

కొలతలను మీటర్లలో చూపే యూటీఎం పద్ధతిలో మన రాష్ట్రాలు ఒకే జోన్‌లో లేవు. చాలా భాగం 44లో ఉంటుంది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరగా ఉన్న ముడుమాల్, అనంతపురం 43లోకి, 84కు తూర్పుగా ఉన్న ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి. ఏ జోన్‌లో పని చేశారో రాయకపోతే మీ సమాధులు పటం మీద వందల కిలోమీటర్ల అవతల తేలతాయి. పట్టికను సీఎస్‌వీగా, పటాన్ని జియోప్యాకేజీగా, ఫొటోలను టిఫ్ లేదా అసలు జేపెగ్‌గా దాచండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఒకటి కాగితం మీద ప్రింటుగా ఆ ఊరి బడిలో ఉంచండి.

రాకాసి గుళ్ల కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను మాత్రం బహిరంగంగా పెట్టొద్దు. గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. బయటికిచ్చే పటంలో గ్రామం పేరు దాకా చాలు, సెంటీమీటర్ల పటం పురావస్తు శాఖకు, పరిశోధకులకు అడిగినప్పుడు ఇవ్వండి.